కరెంటు పెట్టెలోని ఆ చిన్న బటన్‌ను ఎప్పుడైనా నొక్కి చూశారా?

రక్తపోటును నెలకొకసారి చూపించుకోవాలని, మధుమేహం ఉన్నవారు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష చేయించుకోవాలని మన పాఠకులకు నేను మళ్లీ చెప్పనవసరం లేదు. ఈసారి మీరు ఇల్లు కదలకుండా, పైసా ఖర్చు లేకుండా, ఒక్క నిమిషంలో చేసుకోగల మరొక పరీక్షను గురించి వ్రాస్తున్నాను. ఆ పరీక్ష మీ శరీరానికి కాదు, మీ ఇంటి కరెంటు పెట్టెకు. వైద్యుడికి కరెంటు పనితో ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. విద్యుదాఘాతం తగిలిన మనిషి ఆస్పత్రి గుమ్మం చేరేసరికి మా చేతిలో మిగిలే అవకాశం చాలా స్వల్పం. ఆ మనిషిని నిజంగా కాపాడగలిగిన క్షణం అతని ఇంట్లోనే, సెకనులో కొద్ది భాగం సేపు మాత్రమే ఉంటుంది. ఆ క్షణంలో పనిచేయగలిగినది వైద్యుడు కాదు, ఆర్‌సీసీబీ అనే పరికరం. పాతకాలపు అలవాటు చొప్పున మన ఎలక్ట్రీషియన్లు దీనిని ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే పిలుస్తుంటారు.

ముందుగా శరీరం సంగతి చూద్దాం. కరెంటు ఎంత ప్రమాదకరమన్నది వోల్టుల కంటే, శరీరం గుండా ప్రవహించే ఆంపియర్లను, అది ప్రవహించిన కాలాన్ని బట్టి ఉంటుంది. ఆంపియరులో వెయ్యవ వంతు మిల్లీ ఆంపియరు. సుమారు 1 మిల్లీ ఆంపియరు ప్రవహిస్తే చురుక్కుమంటుంది. 10 మిల్లీ ఆంపియర్లకు అటూ ఇటూగా చేతి కండరాలు బిగుసుకొని, పట్టుకున్న వస్తువును వదలలేని స్థితి వస్తుంది. ‘కరెంటు పట్టేసుకుంది’ అని జనం అనే మాట ఇదే. నిజానికి కరెంటు మనిషిని పట్టుకోదు. ముడుచుకున్న మన పిడికిలే మన మాట వినదు. చేతి నుంచి పాదాలకు సుమారు 50 మిల్లీ ఆంపియర్లు ఒక సెకను పాటు ప్రవహిస్తే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. పూజగదిలో వెలిగించే 15 వాట్ల చిన్న ఫిలమెంట్ బల్బు తీసుకొనే కరెంటు సుమారు 65 మిల్లీ ఆంపియర్లు. అంటే గుండెను ఆపడానికి ఆ దీపానికి చాలినంత కరెంటు కూడా అక్కరలేదు.

చర్మం పొడిగా ఉన్నప్పుడు కరెంటుకు గట్టి అడ్డుగోడగా నిలుస్తుంది. తడిస్తే ఆ గోడ కూలిపోతుంది. తడి చేతులు, ఒట్టి కాళ్లు, నీళ్లున్న నేల కలిసినప్పుడు శరీరపు నిరోధం ఇంచుమించు 1000 ఓములకు పడిపోవచ్చు. మన ఇళ్లలోని 230 వోల్టులను ఆ 1000తో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. స్నానాల గదిలో, పెరట్లో మోటారు దగ్గర, కూలర్ దగ్గర, బట్టలు ఉతికే చోట ప్రమాదాలు ఎందుకు జరుగుతాయో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

‘మా ఇంట్లో ఎమ్‌సీబీలు ఉన్నాయి కదా’ అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఎమ్‌సీబీ మంచిదే గాని అది కాపాడేది తీగను, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ 16,000 మిల్లీ ఆంపియర్లు దాటితే గాని కదలదు. మనిషి ప్రాణం పోవడానికి చాలిన కరెంటు దాని దృష్టికి అసలు లెక్కలోనిదే కాదు.

ఆర్‌సీసీబీ పనిచేసే తీరు వేరు. అది కరెంటు ఎంత ప్రవహిస్తున్నదో చూడదు. ఫేజు తీగలో వెళ్లినంత కరెంటు న్యూట్రల్ తీగలో తిరిగి వచ్చిందా లేదా అని మాత్రమే చూస్తుంది. రెండు తీగలూ దాని లోపల ఒకే అయస్కాంత వలయం గుండా సాగుతాయి. రాకపోకలు సమానంగా ఉన్నంతకాలం ఒకదాని ప్రభావం రెండోదానిని రద్దు చేస్తుంది. వెళ్లినదానిలో కొంత మనిషి శరీరం గుండానో, తడిసిన గోడ గుండానో భూమిలోకి పోతే లెక్క తప్పుతుంది. ఆ తేడాకే వలయంలో కరెంటు పుట్టి, మీట కింద పడి, సరఫరా ఆగిపోతుంది. ఇళ్లకు పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లది కావాలి. దాని ముఖం మీద 30 మిల్లీ ఆంపియర్లు అనో, 0.03 ఆంపియరు అనో ముద్రించి ఉంటుంది. 100, 300 అని ఉన్నవి అగ్నిప్రమాదాల నివారణ వంటి అవసరాలకు పనికివస్తాయి గాని మనిషికి రక్షణ ఇవ్వవు. మీ ఇంట్లో ఉన్నది ఏదో ఈరోజే చూడండి.

ఇక్కడ గుండె వైద్యానికి సంబంధించిన విషయం ఒకటి ఉంది. ప్రతి స్పందనలోనూ గుండె కండరం తిరిగి సేద తీరుతున్న కొద్దిపాటి వ్యవధి అత్యంత బలహీనమైనది. ఆ వ్యవధిలో బయటి కరెంటు తగిలితే జఠరికలు ఒక క్రమం లేకుండా వణకడం మొదలవుతుంది. దానినే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటాము. అప్పుడు గుండె కదులుతున్నట్లే ఉంటుంది కాని రక్తం ముందుకు సాగదు. సాధారణంగా ఒక స్పందనకు సుమారు 0.8 సెకను పడుతుంది. ప్రమాణాల ప్రకారం 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంతే తేడా వచ్చినప్పుడు 0.3 సెకను లోపల, తేడా దానికి ఎన్నో రెట్లు ఉన్నప్పుడు 0.04 సెకను లోపల సరఫరాను తెంచాలి. అంటే ఒక గుండె చప్పుడు పూర్తయ్యేలోపే దాని పని ముగుస్తుంది. షాక్ తగలకుండా అది ఆపలేదు. చురుక్కుమని తగులుతుంది, మనిషి ఉలిక్కిపడతాడు. అది ఆపేది ఆ షాక్ కొనసాగడాన్ని. బ్రతకడానికీ చనిపోవడానికీ మధ్య ఉన్న తేడా అదే.

ఎర్తింగ్ సరిగా ఉంటే ఈ పరికరం ఇంకొక అడుగు ముందుంటుంది. గీజరు లోపల ఎక్కడో ఫేజు తీగ లోహపు తొడుగును తాకిందనుకుందాం. ఎర్త్ ఉంటే లీకేజీ ఆ క్షణమే భూమిలోకి పోయి, ఎవరూ ముట్టుకోకముందే ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఆ తొడుగు విద్యుత్తుతో నిండి అలాగే నిరీక్షిస్తుంది. మొదట ముట్టుకున్న మనిషే ఎర్త్ అవుతాడు. అందుకే మూడు పిన్నుల ప్లగ్గులోని లావుపాటి పిన్నును విరగ్గొట్టడం, రెండు పిన్నుల అడాప్టరు తగిలించి ఫ్రిజ్‌నో వాషింగ్ మెషీన్‌నో నడపడం చేయరాదు. ఎర్త్ గుంత వేసవిలో ఎండిపోతే నిరోధం పెరుగుతుంది. అప్పుడప్పుడు దానిలో నీళ్లు పోయడం మన పెద్దలు పాటించిన మంచి పద్ధతి.

ఇక పరీక్ష సంగతి. ఆర్‌సీసీబీ మీద ‘టి’ అనే ఇంగ్లీషు అక్షరంతోనో, ‘టెస్ట్’ అనే మాటతోనో ఒక చిన్న బటన్ ఉంటుంది. దానిని నొక్కినప్పుడు లోపలి నిరోధకం ఒకటి కావాలని చిన్న తేడాను సృష్టిస్తుంది. పరికరం ఆరోగ్యంగా ఉంటే మీట వెంటనే టప్పున పడిపోవాలి, ఇల్లంతా చీకటి కావాలి. తరువాత మీటను పూర్తిగా కిందికి నొక్కి, మళ్లీ పైకి ఎత్తితే సరఫరా వస్తుంది. నెలకొకసారి ఇలా చేయండి. కరెంటు బిల్లు కట్టే రోజునే పెట్టుకుంటే మరచిపోరు. ఏళ్ల తరబడి కదలని యంత్రభాగాలు ధూళితోనూ తేమతోనూ బిగుసుకుపోతాయి. అప్పుడప్పుడు కదిలిస్తూ ఉండడం కూడా వాటికి ఒక వ్యాయామమే.

నొక్కే ముందు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. పని మధ్యలో ఉన్న కంప్యూటరును ఆపివేయండి. లిఫ్టులో ఎవరూ లేరని చూసుకోండి. ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీదనో, శ్వాసకు తోడ్పడే మరొక యంత్రం మీదనో ఆధారపడిన రోగి ఉంటే ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉంచుకున్నాకనే బటన్ ముట్టుకోండి. బటన్ నొక్కేది సరఫరా ఉన్నప్పుడే. కరెంటు లేని వేళ నొక్కి, పడలేదని కంగారు పడవద్దు. సరఫరా ఉండి కూడా మీట పడకపోతే ఆ ఆర్‌సీసీబీ మరణించినట్లే. దానికి మరమ్మతు లేదు, మార్చవలసిందే. మార్చేవరకు మీ ఇంట్లో రక్షణ లేదని భావించి తడి చోట్ల యంత్రాలను ముట్టుకోకండి.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. బటన్ పరీక్షించేది ఆర్‌సీసీబీని మాత్రమే, మీ ఇంటి ఎర్త్‌ను కాదు. ఎర్త్ తీగ తెగిపోయి ఉన్నా బటన్ నొక్కితే మీట పడుతుంది. ఎన్ని మిల్లీ ఆంపియర్లకు, ఎంత సమయంలో పడుతున్నదో కొలిచే పరికరం నిపుణుల దగ్గర ఉంటుంది. ఏడాదికొకసారి ఆ కొలతలతో పాటు ఎర్త్ నిరోధాన్ని కూడా చూపించండి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూసే పాత పద్ధతిని మాత్రం మీరు సొంతంగా ప్రయత్నించవద్దు. ఎర్త్ తీగ ఎక్కడైనా తెగి ఉంటే, ఆ బల్బు ద్వారా ఇంట్లోని లోహపు తొడుగులన్నిటికీ విద్యుత్తు చేరవచ్చు.

ఇప్పుడు ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంటే మనవాళ్లకు విసుగు వస్తుంది. సీరియల్ మధ్యలో, వంట మధ్యలో, పిల్లల చదువు మధ్యలో కరెంటు పోతుంటే ఎవరికైనా చిరాకే. అప్పుడు ఎవరో వచ్చి, దానిని తప్పించి ‘డైరెక్టు’ ఇస్తారు. ఆ పూట నుంచి కరెంటు పోదు, అందరూ సంతోషిస్తారు. నా ఉద్యోగకాలంలో ఒక వేసవి సాయంత్రం, కూలర్‌లో నీళ్లు పోస్తూ పడిపోయిన యువకుణ్ని అత్యవసర విభాగానికి తీసుకువచ్చారు. అరచేతిలో చిన్న నల్లని మచ్చ తప్ప ఒంటి మీద మరే గాయమూ లేదు. గుండె అప్పటికే ఆగిపోయింది. మేము చేయగలిగినంతా చేశాము, ఫలితం దక్కలేదు. అతని తండ్రి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ‘అది పది రోజులుగా ఊరికే పడిపోతుంటే మొన్ననే తీయించేశాం డాక్టరుగారూ.’ అది ఊరికే పడిపోలేదు. కూలర్‌లో లీకేజీ ఉందని పది రోజుల పాటు చెబుతూ వచ్చింది.

జ్వరం వ్యాధి కాదు, వ్యాధికి సూచన అని మేము రోగులకు చెబుతాము. ఆర్‌సీసీబీ పడిపోవడమూ అంతే. థర్మామీటరును పారవేస్తే జ్వరం తగ్గదు. సూచన ఇచ్చినప్పుడు చేయవలసింది రోగ నిర్ధారణ. దానిలో మొదటి మెట్టు మీరే ఎక్కవచ్చు. తీగలు విప్పనక్కరలేదు, పెట్టె మూత తీయనక్కరలేదు.

మొదట అన్ని ఎమ్‌సీబీలను దించి, ఆర్‌సీసీబీని పైకి ఎత్తండి. అప్పుడు కూడా నిలవకపోతే దోషం ఆ పరికరంలోనో, పెట్టెలోని తీగలలోనో ఉంది. అక్కడితో ఆగి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. నిలిస్తే ఎమ్‌సీబీలను ఒక్కొక్కటిగా ఎత్తుతూ రండి. ఏది ఎత్తగానే పడిపోయిందో దోషం ఆ మార్గంలో ఉన్నదన్నమాట. మిగిలినవి ఎత్తి, ఆ ఒక్కదానిని దించి ఉంచితే ఇల్లు నడుస్తుంది, రక్షణా ఉంటుంది. తరువాత ఆ మార్గంలోని యంత్రాల ప్లగ్గులన్నీ ఊడదీయండి. స్విచ్ ఆపడం మాత్రమే చాలదు. స్విచ్ ఫేజును తెంచుతుంది గాని న్యూట్రల్ తగిలే ఉంటుంది, లీకేజీ ఆ దారిన కూడా పోవచ్చు. ప్లగ్గులు తీశాక ఎమ్‌సీబీ నిలిస్తే, యంత్రాలను ఒక్కొక్కటిగా తగిలించి చూడండి. పొడి చేతులతో, చెప్పులు వేసుకొని ఈ పని చేయండి. దోషి ఏదో తెలిసిపోతుంది.

పడిపోయే వేళను బట్టి కూడా కారణాన్ని ఊహించవచ్చు. గీజరు వేసిన కొద్ది నిమిషాలకు పడిపోతే లోపలి కాయిల్‌ను అనుమానించాలి. బోరు నీటిలోని లవణాలు పేరుకొని, దాని పైతొడుగు పగిలి నీరు చేరుతుంది. వాన పడినప్పుడు మాత్రమే పడిపోతే మేడమీది దీపం, గేటు దగ్గరి స్విచ్, తడిసిన గోడలోని పైపు చూడాలి. మోటారు వేసినప్పుడు పడితే మోటారు చుట్టలో తేమో, నీళ్లలో మునిగిన కేబులు అతుకో కారణం కావచ్చు. ఏ యంత్రమూ విడిగా పడగొట్టకుండా అన్నీ కలిసి నడిచినప్పుడు మాత్రమే పడిపోతుంటే, కంప్యూటర్లు, ఏసీలు మొదలైన వాటి నుంచి సహజంగా వచ్చే కొద్దికొద్ది లీకేజీలు కలిసి హద్దు దాటుతున్నాయన్నమాట. దానికి పరిష్కారం ఆర్‌సీసీబీని తీసివేయడం కాదు, 100 మిల్లీ ఆంపియర్లది పెట్టడమూ కాదు. మార్గాలను విడదీసి, రెండు మూడు ఆర్‌సీసీబీల మధ్య పంచాలి.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు రెండు మాటలు అడగండి. ఒకటి, ‘మెగ్గర్ పెట్టి చూశారా?’ తీగల ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో 500 వోల్టులతో కొలిచే పరికరం అది. ఊహ మీద కాక కొలత మీద ఆధారపడి చెప్పమనడం మన హక్కు. రెండు, ‘ఇన్వర్టరు న్యూట్రల్ ఎక్కడ కలిపారు?’ మన ఇళ్లలో అకారణంగా తోచే ట్రిప్పింగుకు తరచుగా కనిపించే కారణం ఇదే. ఇన్వర్టరు మీద నడిచే దీపాల న్యూట్రల్, మామూలు సరఫరా న్యూట్రల్ ఎక్కడో గోడ పెట్టెలో కలిసిపోతే వెళ్లిన దారిన కరెంటు తిరిగి రాదు. లీకేజీ లేకపోయినా లెక్క తప్పుతుంది. ఇంకొక సంగతి కూడా గమనించండి. ఇన్వర్టరు మార్గాన్ని ఆర్‌సీసీబీ వెలుపల కలిపిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడ కరెంటు పోయి ఇన్వర్టరు నడుస్తున్న వేళ రక్షణ ఉండదు. ఆ మార్గానికి విడిగా ఒకటి పెట్టించుకోవాలి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దలకు కూడా ఒక మాట. అక్కడ ఇదే రక్షణ వంటగది, స్నానాల గది గోడల మీది ప్లగ్ పాయింటులోనే ఉంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో ఆచార్యుడిగా పనిచేసిన ఛార్లెస్ డాల్‌జియెల్, మనిషి తాను పట్టుకున్న తీగను ఎంత కరెంటు వరకు వదలగలడో స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి మీద కొలిచాడు. పురుషులలో సగటున సుమారు 16, స్త్రీలలో సుమారు 10.5 మిల్లీ ఆంపియర్లని తేలింది. ఆయన 1961లో రూపొందించిన పరికరమే ఆ పాయింట్లకు మూలం. అవి 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల తేడాకే తెగిపోతాయి. వాటికి టెస్ట్, రీసెట్ అని రెండు బటన్లు ఉంటాయి. టెస్ట్ నొక్కితే ఆ పాయింటులో కరెంటు ఆగాలి, రీసెట్ నొక్కితే రావాలి. స్నానాల గదిలో పాయింటు హఠాత్తుగా పనిచేయకపోతే పాడైందని అనుకోకండి. ఒక పాయింటు తన తరువాతి పాయింట్లను కూడా కాపాడుతుంది కనుక, గరాజులోనో మరో స్నానాల గదిలోనో ఉన్న రీసెట్ బటన్ పడి ఉండవచ్చు.

ఆర్‌సీసీబీ కూడా సర్వరోగ నివారిణి కాదు. ఒక చేతితో ఫేజును, మరొక చేతితో న్యూట్రల్‌ను పట్టుకొని, కాళ్లు భూమికి తగలకుండా ఉన్న మనిషిని అది బల్బు నుంచి వేరు చేసి గుర్తించలేదు. అలాగే మీటరుకు ముందున్న సర్వీసు తీగ మీద దానికి అధికారం లేదు. ఆ తీగకు తగిలేలా ఇనుప దండెం కట్టి తడిబట్టలు ఆరవేసే ఇళ్లలో పెట్టె లోపల ఎంత మంచి పరికరం ఉన్నా ఉపయోగం లేదు. దండేనికి నైలాన్ తాడే వాడండి. బకెట్టులో హీటరు రాడ్ పెడితే, ప్లగ్గు తీశాకనే నీళ్లలో చెయ్యి పెట్టండి.

ఎవరికైనా కరెంటు తగిలితే వారిని ముట్టుకోకుండా మొదట మెయిన్ ఆపండి. అది వీలుకాకపోతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో, పొడి నేల మీద నిలబడి, వేరు చేయండి. 108కు ఫోన్ చేయండి. స్పృహ లేక, శ్వాస సరిగా ఆడకపోతే ఛాతీ మధ్యన రెండు చేతులతో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సహాయం అందేవరకు నొక్కుతూ ఉండండి. తేరుకున్నా సరే, స్పృహ తప్పినా, ఛాతీలో దడ ఉన్నా, మూత్రం నల్లటి టీ రంగులో వచ్చినా, గర్భిణి అయినా ఆస్పత్రికి తీసుకువెళ్లి ఈసీజీ తీయించండి. చర్మం మీది మచ్చ చిన్నదే కావచ్చు, లోపలి కండరానికి జరిగిన నష్టం పెద్దది కావచ్చు.

ఇంత చెప్పిన తరువాత మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఇది చదివిన వెంటనే లేచి వెళ్లి మీ కరెంటు పెట్టె తెరవండి. ఆర్‌సీసీబీ అసలు ఉందా, ఉంటే 30 మిల్లీ ఆంపియర్లదేనా, దాని నుంచి తీగలు తప్పించి డైరెక్టు ఇచ్చారా అన్నది తెలుసుకోండి. బటన్ నొక్కండి. మీట పడి ఇల్లు చీకటైతే సంతోషించండి. పడకపోతే రేపటి పనులన్నిటికంటే ముందు దానిని మార్పించండి. అద్దె ఇంట్లో ఉంటే యజమానితో మాట్లాడండి. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న మీ అమ్మానాన్నల ఇంటికి ఈసారి వెళ్లినప్పుడు, వారి మందుల పెట్టెను చూసినట్లే కరెంటు పెట్టెను కూడా చూడండి.